నాలుగు రోజుల్లో గాజువాక నుంచి టువాస్‌కి

మంగళవారం మధ్యాహ్నం మెయిల్ వచ్చినప్పుడు నేను గాజువాకలో రోడ్డు పక్కన బండికి పంక్చర్ వేయించుకుంటున్నాను. సింగపూర్‌లో టువాస్ అనే చోట ఓ షిప్‌యార్డ్ కంపెనీలో పైపింగ్ సూపర్‌వైజర్ ఉద్యోగం. అక్కడ పని చెయ్యడానికి కావాల్సిన ఎస్ పాస్ అనే పర్మిట్‌కి కాగితాలు పంపి చాలా రోజులైంది, ఇక రాదులే అని ఆశ వదిలేశాను. తీరా ఐపీఏ లెటరూ టికెట్టూ కలిసే వచ్చాయి. శుక్రవారం రాత్రే ఫ్లైట్.

నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. సంతోషం చూపించలేదు, వద్దనీ అనలేదు. కళ్ళజోడు పెట్టుకుని లెటర్ మొత్తం లైను లైను చదివారు. "బేసిక్ ఎంత, కోతలెంత, నీకు ఫోన్లో చెప్పింది ఇదేనా?" ఇదొక్కటే ఆయన ప్రశ్న. ఐపీఏ అంటే ముందస్తు అనుమతి పత్రం. జీతం, కోతలు అందులోనే రాసి ఉంటాయి. అది అసలుదో కాదో అక్కడి కార్మిక శాఖ వెబ్‌సైట్‌లో మనమే చూసుకోవచ్చు. చూశాం, అసలుదే.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. మా వీధి కుర్రాడొకడు ఏజెంటుకి రెండు లక్షలు కట్టి, టూరిస్ట్ వీసా మీద వెళ్ళి, నెల తిరక్కుండానే వెనక్కి వచ్చాడు. మన దేశంలో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆ సంగతి ఆ కుర్రాడికి తెలీదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలీదు.

బుధవారం పూర్ణా మార్కెట్‌లోనే గడిచిపోయింది. గురువారం అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి లాక్కెళ్ళింది. గుడికి కప్పు లేదు, అమ్మవారు ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. పసుపు కుంకుమ మన చేతులతోనే పెట్టొచ్చు. గురువారం కదా, లైను వీధిలోకి వచ్చేసింది. నేను వాచీ చూసుకుంటుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని వాచీ కనపడకుండా చొక్కా చేతిని కిందికి లాగింది.

వచ్చేటప్పుడు నెట్ సెంటర్‌లో ఆగాం. సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల్లోపు అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి 500 ఇమ్మన్నాడు. అది పూర్తిగా ఉచితం. బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో పది నిమిషాల్లో నింపేశాను.

అసలు యుద్ధం సూట్‌కేసు దగ్గర జరిగింది. 30 కిలోలు దాటకూడదు. పక్కింటి పిన్నిగారి బరువు మిషన్ తెచ్చి తూస్తే 34. అమ్మ ఆలోచించి రెండు జీన్సులు, దుప్పటి, నా సేఫ్టీ బూట్లు బయటికి తీసింది. ఆవకాయ జోలికి, చింతపండు జోలికి వెళ్ళలేదు. బూట్లు కంపెనీ ఇస్తుందట, ఆవకాయ ఇవ్వదట. వాదించడానికి ఏముంది?

ఎయిర్‌పోర్ట్ మా ఇంటి నుంచి అరగంట కూడా కాదు. ఏడవడానికి కూడా దూరం సరిపోలేదని తర్వాత అనిపించింది. గేటు దగ్గర అమ్మ జాగ్రత్తలు చెబుతూనే ఉంది. నాన్న అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. నేను లోపలికి తిరగ్గానే, "ఒరేయ్, బండి అమ్మేయనా, ఉంచనా?" అన్నారు. వెనక ట్రాలీల వాళ్ళు తోస్తున్నారు. ఏం చెప్పాలో తోచక, చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాను.

వైజాగ్ నుంచి నేరుగా ఫ్లైట్, సుమారు నాలుగు గంటలు. దిగే ముందు కిటికీలోంచి చూస్తే నల్లటి నీళ్ళ మీద లైట్లే లైట్లు. ఊరనుకున్నాను. కాదు, లంగరేసిన ఓడలు. ఆర్కే బీచ్‌లో కూర్చుని, లోపలికి రావడానికి ఆగి ఉన్న ఓడల్ని లెక్కపెట్టుకుంటూ పెరిగినవాణ్ణి. ఇక్కడ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలోనే వదిలేశాను.

అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. అయినా ఏడైతే గానీ తెల్లారదు. చీకట్లోనే కంపెనీ వ్యాన్ ఎక్కించారు. పీఐఈ అనే రోడ్డు పట్టుకుని తూర్పున ఛాంగీ ఎయిర్‌పోర్ట్ నుంచి పడమట టువాస్ వైపు వెళ్ళాం. వైజాగ్ నుంచి విజయనగరం వెళ్ళేలోపే దేశం ఈ చివర నుంచి ఆ చివరకి అయిపోయింది!

ఆ రోజంతా మెడికల్ టెస్టులు, కాగితాల మీద సంతకాలు. మధ్యలో కాఫీ అడిగితే 'కోపి' ఇచ్చారు. చిక్కటి డబ్బా పాలు పోసి, నోరు అతుక్కుపోయేంత తీపి చేసి పెట్టారు. చక్కెర వద్దంటే 'కోసాంగ్' అనాలని తర్వాత నేర్చుకున్నాను.

రాత్రి రూముకి చేరేసరికి ఫోన్ చచ్చిపోయింది. ఛార్జర్ తీస్తే గోడకి మూడు పలక కన్నాలు. మన గుండ్రటి పిన్ను దూరదు. పై మంచం మీది నుంచి ఒకాయన తొంగి చూశాడు.

"అడాప్టర్ తేలేదేటి తమ్ముడూ?"

ఆయనది టెక్కలి. ఆదివారం సరుకులకి టెక్కా మార్కెట్‌కి తీసుకెళ్తానన్నాడు. టెక్కలి నుంచి టెక్కాకి ఒక్క అక్షరమే తేడా అని ఆయనే నవ్వాడు, ఎన్నోసారో. తన అడాప్టర్ తీసి ఇచ్చాడు. దాని మీద మార్కర్‌తో ఎవరివో పొడి అక్షరాలు తెలుగులో రాసి ఉన్నాయి. ఆయనవి కావు.

ఫోన్ బతకగానే ఇంటికి చేశాను. నాన్నే ఎత్తారు.

"బండి ఉంచండి నాన్నా. అప్పుడప్పుడు స్టార్ట్ చేస్తూ ఉండండి, బ్యాటరీ పడిపోద్ది."

"పొద్దున చేశాన్లే," అన్నారు.