మూడు సీసాల లెక్క

అరవై ఏడో ఏట నా మణికట్టు విరిగింది. పెద్ద ప్రమాదమేమీ కాదు. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు వాననీళ్లకు కాలు జారి, చెయ్యి ఆనించి కూలబడ్డానంతే. ఆ మాత్రానికే ఎముక విరిగిందంటే అనుమానించాలని, పిండికట్టు వేసిన డాక్టరు ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ రాశారు. వెన్ను దగ్గర టీ స్కోరు మైనస్ 2.8. మైనస్ 2.5, అంతకన్నా దిగువకు వస్తే ఎముకలు గుల్లబారినట్టేనట. అనంతపురంలో రాగిసంగటి తిని పెరిగిన ఒళ్లు నాది, నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ తెలుగావిడే. "అమ్మా, మాత్రలు, టానిక్కులు ఏవి వాడుతున్నా అన్నీ సంచిలో వేసుకుని రండి" అంది. మల్టీవిటమిన్, కాడ్ లివర్ ఆయిల్, కంటిచూపుకని ఇంకో క్యాప్సూల్. మూడింటి మీదా ఉన్న సన్నక్షరాలు మా కోడలు చదువుతుంటే ఆవిడ కాగితం మీద కూడింది. విటమిన్ ఎ రోజుకు, ఐయూ అనే కొలతలో, 10,000 దాటింది. అంటే 3000 మైక్రోగ్రాములకు పైనే. పెద్దవాళ్లకు అదే గరిష్ఠ పరిమితి. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఆడవాళ్లకు చెప్పేది 840 మైక్రోగ్రాములు. ఏ సీసాకా సీసా బుద్ధిమంతురాలే, మూడూ కలిశాకే పేచీ.

రక్తంలో చూస్తే తేలదా అని కోడలు అడిగింది. మిగులంతా కాలేయంలో దాచుకుని, రక్తంలో మట్టం మామూలుగానే ఉంచుతుందట శరీరం. ఆ మాత్రల్లో ఉండే విటమిన్ ఎ రూపం రెటినాల్. దాని మోతాదు మించితే ఎముకను కరిగించే కణాలు జోరందుకుంటాయి, విటమిన్ డి పనికీ అడ్డం పడుతుంది. అమెరికాలో నెలసరి ఆగిన 72,000 మందికి పైగా నర్సులను 18 ఏళ్లు గమనించి 2002లో ఒక అధ్యయనం వేశారు. రోజుకు 2000 మైక్రోగ్రాములకు పైగా రెటినాల్ తీసుకున్నవాళ్లలో, 500 లోపు తీసుకున్నవాళ్లకన్నా తుంటి విరగడం దాదాపు రెట్టింపు. క్యారెట్, మునగాకు, బొప్పాయిల్లో ఉండి ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్‌తో ఆ బెడద కనిపించలేదు. తర్వాతి అధ్యయనాలన్నీ దీన్ని సమర్థించలేదని కూడా ఆవిడే చెప్పింది. "మీ చెయ్యి దీనివల్లే విరిగిందని నేననను. వయసుంది, మీ విటమిన్ డి కూడా 14కి పడిపోయింది." ఆ మాటతోనే ఆవిడ మీద గురి కుదిరింది నాకు.

మూడు సీసాలూ ఆపించింది. వారానికొక డి పొడి పొట్లం పాలలో. ఏడాదికొకసారి ఎముకల మందు జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్. మొదటిసారి ఎక్కించిన రాత్రి జ్వరం, ఒళ్లంతా పచ్చిపుండు. ముందే చెప్పారు కాబట్టి పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. అసలు బాధ కట్టు విప్పాక. వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. కుక్కర్ మూత తిప్పలేను, జడ వేసుకోలేను. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి పిసకమంది. నేను చపాతీ పిండి పిసికాను, ఇంట్లో పనీ అయింది.

మరుసటి ఏడు స్కానులో మైనస్ 2.6. రెండో డ్రిప్‌కు జ్వరం రాలేదు. జడ నేనే వేసుకుంటున్నాను. నిండు బిందె మాత్రం ఇప్పటికీ కోడలే ఎత్తుతుంది.