ఇల్లు అమ్మ పేరు మీదకే: నాన్న వీలునామా రాయించిన అనుభవం

మా నాన్నకు డెబ్బై దాటాయి. వనస్థలిపురంలో ఆయన కట్టుకున్న ఇల్లు, బ్యాంకులో కొన్ని ఎఫ్‌డీలు, అంతే ఆస్తి. "ఇప్పుడే పిల్లలిద్దరి పేర గిఫ్ట్ రాసేయండి, తర్వాత గొడవలుండవు" అని చుట్టాలందరిదీ ఒకటే మాట. నాకు మాత్రం ఆయన తర్వాత అమ్మ ఎవరి దయ మీదా బతక్కూడదని పట్టుదల.

ఎల్బీనగర్ కోర్టు దగ్గర లాయరు గారిని కలిశాం. గిఫ్ట్ రిజిస్టరయితే ఇల్లు వెంటనే పిల్లలదైపోతుందన్నారు. రేపు వాళ్లు చూడకపోతే 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకోవచ్చట. కానీ పోషించాలన్న షరతు దస్తావేజులో ఉందా లేదా అన్న దగ్గరే వాదన మొదలవుతుంది. అదే వీలునామా అయితే నాన్న ఉన్నంతకాలం ఇల్లు ఆయనదే. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. అసలేమీ రాయకపోతే అమ్మకు, తమ్ముడికి, నాకు సమాన వాటాలు. అంటే సొంతింట్లో అమ్మది మూడో వంతే!

"ఆమె ఉన్నంతకాలం అనుభవించాలి, తర్వాత పిల్లలకు అని రాయండి" అన్నారు నాన్న. లాయరు గారు కలం పక్కన పెట్టేశారు. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు, పోషణ హక్కు కింద భార్యకిచ్చిన ఆస్తి, పరిమితులు పెట్టినా ఆమెకు పూర్తి సొంతమవుతుందని చెప్పింది. వీలునామాలో ఇచ్చే జీవితకాల హక్కు ఆ కోవలోకి వస్తుందా రాదా అని ఇప్పటికీ కోర్టుల్లో కొట్లాడుకుంటూనే ఉన్నారట. నాన్న కాసేపు ఆలోచించి, "పూర్తిగా ఆమెకే రాసేయండి సార్" అన్నారు. ఫోన్‌లో తమ్ముడు కూడా "అదే కరెక్ట్ అక్కా" అన్నాడు. ఒకవేళ అమ్మే ముందు పోతే మా ఇద్దరికీ చెరిసగం అని ఇంకో వాక్యం రాయించారు లాయరు గారు. ఆ మాట వినడం కష్టంగానే ఉంది, కానీ అది లేకపోతే, అలా జరిగినప్పుడు ఇంటి విషయంలో ఆ వీలునామాతో ప్రయోజనం ఉండదు.

వీలునామాకు స్టాంప్ డ్యూటీ లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని మేం రిజిస్టర్ చేయించాం, నాన్న మానసికంగా బాగున్నారని డాక్టరు సర్టిఫికెట్ కూడా తీసుకున్నాం. సాక్షులుగా నాన్న పాత ఆఫీసు స్నేహితులిద్దరు వచ్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్న అరిగిపోయిన బొటనవేలు మెషీన్‌కు పడలేదు. అక్కడి అబ్బాయి తడిగుడ్డతో ఆ వేలు తుడిచి, తన చేత్తో మెల్లగా అదిమి పట్టాడు. సబ్ రిజిస్ట్రార్ మమ్మల్ని పక్కకు జరగమని, "మీ ఇష్టంతోనే రాశారా?" అని నాన్ననే అడిగారు. ఆ జాగ్రత్త నాకు బాగా నచ్చింది.

ఎఫ్‌డీలకు నామినీ ఉన్నా వాటినీ వీలునామాలో చేర్చాం. నామినీ చేతికి డబ్బు వస్తుందే తప్ప, అంతమాత్రాన అది వారి సొంతం కాదు. ఇదంతా చూసిన అమ్మ, పసుపు కుంకుమ కింద పుట్టింటివారిచ్చిన పొలం పాస్‌బుక్ బీరువాలోంచి తీసి, "నాది ఎప్పుడు రాయిద్దాం?" అంది. వచ్చే వారం మళ్లీ లాయరు గారి దగ్గరకు వెళ్తున్నాం.