డైరీలో ఐదో పేరు

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు బయలుదేరినప్పుడు నాన్న చేతిలో నువ్వులు, దర్భలు, బియ్యప్పిండి ఉన్న సంచి ఉంది. నా చేతిలో తాతయ్య జేబు డైరీ ఉంది. ఖాకీరంగు అట్ట. లోపల రాసి ఉన్నది ఒక్క పేజీయే. అందులో ఐదు పేర్లు. నాలుగింటికి ఎదురుగా ఊరు, రాష్ట్రం ఉన్నాయి. ఐదోది పేరు కాదు, పిలుపు. 'తంబి' అని, మిగతా వాటికంటే కాస్త పెద్ద అక్షరాలతో రాసుకున్నారు.

తాతయ్య 2013లో పోయారు. తెనాలి వైపు ఒక డెల్టా గ్రామం నుంచి 1957లో పటాలంలో చేరి, 1981లో సుబేదారుగా ఇంటికి వచ్చారు. ఆయన పనిచేసింది మద్రాస్ శాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో. ఊళ్లో అందరూ 'మిలటరీ ఆయన' అనేవారు తప్ప శాపర్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. సైనికుడంటే తుపాకీ పేల్చేవాడే అనుకునేవారు. తాతయ్య చేసిన పని వేరు. వాగుల మీద వంతెనలు వేయడం, దారులు తీయడం, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలను వెతికి తీసేయడం. "సైన్యం నడవాలంటే ముందు మేం పాకాలి అమ్మలూ" అనేవారు నాతో.

గుంటూరులో రైలెక్కి కృష్ణా కెనాల్ స్టేషన్‌లో దిగిపోయాం. ఇంకో పది నిమిషాలు కూర్చుంటే విజయవాడే. కానీ ప్రకాశం బ్యారేజీని కాలినడకన దాటి కొండ దగ్గరికి చేరడం తాతయ్య పెట్టిన పద్ధతి. మా ఇంట్లో దాన్ని ఎవరూ తప్పలేదు. సీతానగరం మీదుగా జనంతో పాటు నడుచుకుంటూ వెళ్లాం. బ్యారేజీ పొడవు సుమారు 1,220 మీటర్లు, గేట్లు 70. ఈ లెక్కలు నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు తాతయ్య ఒక్కో గేటు దగ్గర ఆగి నాతో లెక్కపెట్టించారు.

ఆ కట్ట మీద ఆయనకు సొంత మనిషి మీద ఉన్నంత అభిమానం ఉండేది. ఇక్కడ మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. దానికోసం పాటుపడిన కాటన్ దొర మద్రాస్ ఇంజనీర్ల దళం వాడు. అంటే, తాతయ్య లెక్కలో, తన పటాలం పెద్దలలో ఒకడు. 1952లో ఆ ఆనకట్టకు గండి పడింది. దాని తర్వాత కట్టిన ఈ బ్యారేజీ 1957లో, ఆయన పటాలంలో చేరిన ఏడాదే పూర్తయింది. "మా ఊరి పొలానికి నీళ్లిచ్చింది మా వాళ్లేనమ్మా" అని చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది.

కట్ట మధ్యలో నాన్న ఆగి రెయిలింగ్ మీద చేయి వేశారు. తాతయ్య బెయిలీ వంతెన గురించి చెప్పేది అక్కడే. పదడుగుల ఇనుప చట్రం, సుమారు 260 కిలోల బరువు, ఆరుగురు మోయాలి. చట్రానికి చట్రాన్ని కలిపి పిన్నులు దిగగొడితే తెల్లారేసరికి వాగు మీద దారి తయారవుతుంది. ఆరుగురిలో ఒకడి అడుగు తడబడినా మిగతా ఐదుగురి నడుములు విరుగుతాయట. "అందుకే మాకు పక్కవాడి కులం, భాష పట్టవు. వాడి అడుగే పడుతుంది" అనేవారు. ఇంత సూటిగా ఈ మాట చెప్పినవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎదురుగా ఇంద్రకీలాద్రి. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సు చేసిన కొండ. శివుడు కిరాతుడి వేషంలో వచ్చి, అర్జునుడితో కలబడి, ఒళ్లు హూనం చేశాకే అస్త్రం ఇచ్చాడు. తాతయ్యకు ఆ కథలో తపస్సు కంటే ఆ కుస్తీ ముఖ్యం. ఆయుధం ఇచ్చేముందు మనిషిని పరీక్షించాలనేవారు.

దుర్గా ఘాట్‌లో దిగాం. ఆ ఏడు ఎగువ నుంచి కృష్ణకు వరద పెద్దగా రాలేదు. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి ఇక్కడికి చేరాయి. తాతయ్య ఉండి ఉంటే మునగడానికి ముందు ఆ కాలువ పొడవు, పంపుల లెక్క అడిగేవారు.

నేను మాత్రం ఆ మెట్ల మీద 2004 పుష్కరాలనే చూస్తున్నాను. అప్పుడు నాకు పదేళ్లు. పాచి పట్టిన మెట్ల మీద తాతయ్య ముందు బొటనవేలితో తడిమి చూసి, ఆ తర్వాతే పాదం మోపేవారు. "నా అడుగులో అడుగు వెయ్యి, పక్కకు పోకు" అని వెనక్కి తిరగకుండానే చెప్పేవారు. పితృదేవతలకు తర్పణాలు పూర్తయ్యాక, జేబులోంచి ఈ డైరీ తీసి పంతులుగారి ముందు పెట్టారు. గోత్రాలు అడిగితే తెలియవన్నారు. అందులో ఒకరు క్రైస్తవులని కూడా చెప్పారు. పంతులుగారు ఒక్క క్షణం ఆలోచించి, "తీర్థంలో స్నేహితులకూ ఇవ్వవచ్చు. సఖా అని చెప్పుకోండి" అన్నారు. చివరకు, తల్లీ తండ్రీ అన్నదమ్ములూ కొడుకులూ ఎవరూ లేనివాళ్లంతా ఈ దర్భనీళ్లతో తృప్తి పొందాలనే శ్లోకం వచ్చింది. తాతయ్య దాని అర్థం అడిగి తెలుసుకుని, ఇంకొకసారి చెప్పించుకున్నారు.

తిరుగుదారిలో తంబి ఎవరని అడిగాను. ఆయన యుద్ధం గురించి నాకు చెప్పింది ఆ ఒక్కసారే.

1971 డిసెంబరు 15 రాత్రి. పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ నది. అవతల ఒడ్డుకు మన ట్యాంకులు చేరాలి. దారిలో మందుపాతరలు. శాపర్లు బోర్లా పడుకుని, బాయ్‌నెట్‌ను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చుతూ, గట్టిగా ఏదైనా తగిలితే వేళ్లతో చుట్టూ మట్టి తీస్తూ ముందుకు పాకుతారు. శుభ్రమైన దారికి రెండు వైపులా తెల్ల టేపు పరుస్తారు. పైన ఫిరంగి గుళ్లు. తాతయ్య వెనకే టేపు పరుస్తూ వచ్చిన కుర్రవాడు దళంలోకి కొత్తగా వచ్చిన తమిళుడు. మద్రాస్ శాపర్లందరినీ తంబి అనే పిలుస్తారు. "తంబీ, టేపు" అని తాతయ్య చేయి వెనక్కి చాపారు. చేతికి టేపు అందలేదు.

మర్నాడు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. దేశమంతా ఆ రోజును పండుగ చేసుకుంది. మా ఇంట్లో డిసెంబరు 16న తాతయ్య ఒంటిపూట భోజనం చేసేవారు. ఎందుకో నానమ్మ కూడా అడగలేదు.

"తర్వాత కూడా పేరు తెలియలేదా తాతయ్యా?" అన్నాను.

"తెలుసు. వాళ్ల ఇంటికి ఉత్తరం కూడా రాశాను. కానీ నేను పిలిచింది తంబి అని. వాడు ఆ పిలుపుకే వస్తాడు."

పన్నెండేళ్ల తర్వాత అదే ఘాట్‌లో, పందిరి కింద వేరే పంతులుగారు, వయసులో చిన్నవారు, మా ముందు కూర్చున్నారు. ముందు తాతయ్యకు పిండం. నాన్న చేతులు వణికాయి. నేను డైరీ తెరిచి ఒక్కో పేరూ చదివాను. నాలుగు పేర్లకు "సఖా" అని చెప్పి నాన్న నువ్వుల నీళ్లు వదిలారు. ఐదోది చదివాను.

పంతులుగారు తలెత్తి, "తంబి అంటే... మీకు ఏమవుతారండీ?" అన్నారు.

నేను జవాబు వెతుక్కునేలోపే నాన్న, "మా నాన్నగారి తమ్ముడండీ. మా బాబాయి" అన్నారు.

"అలాగైతే పితృవ్యం" అంటూ ఆయన మంత్రం అందుకున్నారు. స్నేహితుల వరుసలోంచి తీసి, మా వంశం వాళ్ల పక్కన ఇంకో దర్భ పరిచారు. నాన్న బొటనవేలి పక్కనుంచి నీళ్లు జారి దాని మీద పడ్డాయి.

తర్వాత కొండెక్కాం. క్యూలో మూడు గంటలు పట్టింది. అమ్మవారిని చూసింది కొన్ని క్షణాలే. ఆ గుంపులో నేను నాన్నను ఒక్కటే అడిగాను, ఆ మాట ముందే అనుకుని వచ్చారా అని.

"లేదమ్మా. తంబి అంటే తమ్ముడనేగా అర్థం" అన్నారు.

దిగేటప్పుడు మెట్లపూజ చేసినవాళ్లు పూసిన పసుపు తడికి జారుతోంది. నాన్న బొటనవేలితో మెట్టు తడిమి చూసి, పాదం మోపారు. నేను ఆయన అడుగులో అడుగు వేశాను.