హెర్రింగ్ పీపాల మీద రెండు దేశాల పంతం

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండుకూ హాలండుకూ మధ్య జరిగిన యుద్ధాల గురించి చదివేటప్పుడు సుగంధద్రవ్యాలు, 1651 నాటి నౌకాయాన చట్టం, తూర్పిండియా కంపెనీలు తప్పక ఎదురవుతాయి గాని, హెర్రింగ్ చేపకు ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దొరకదు. నా ఉద్దేశంలో ఆ వైరానికి బీజం అంతకు చాలాముందే, ఉత్తర సముద్రంలో, ఆ చేప దగ్గరే పడింది.

హెర్రింగ్ మన కవళ్లకు దూరపు చుట్టం. ఒంటినిండా నూనె ఉన్న చేప కనుక పట్టిన కొద్ది సేపటికే పాడవడం మొదలవుతుంది. డచ్చి జాలర్లు వలలోంచి తీసిన వెంటనే, ఓడ మీదనే, చిన్న కత్తితో మొప్పలనూ పేగుల్లో కొంత భాగాన్నీ లాగివేసి, కాలేయాన్నీ క్లోమాన్నీ లోపలే ఉంచి, ఉప్పు పట్టించి పీపాల్లో పేర్చేవారు. అలా మిగిల్చిన అవయవాల రసాలే చేపను మెల్లగా పక్వానికి తెచ్చి, దానికి ఆ ప్రత్యేకమైన రుచినిచ్చేవి. ఈ పద్ధతిని పద్నాలుగో శతాబ్దంలో బీర్‌వ్లీట్ ఊరివాడైన విల్లెమ్ బ్యూకెల్‌జోన్ కనిపెట్టాడని అక్కడివారి నమ్మకం. చేపను నడిసముద్రంలోనే ఊరవేయగలగడం వల్ల వారి వెడల్పాటి ఓడలు వారాల తరబడి ఒడ్డుకు రానక్కరలేకపోయింది. జూన్ 24న, సెయింట్ జాన్ పండుగనాడు, స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల దగ్గర వలలు వేయడం మొదలుపెట్టి, చేపల గుంపుల వెంటే దక్షిణానికి దిగుతూ శరత్కాలానికి ఇంగ్లండులోని యార్మత్ తీరం చేరేవారు. ఏ ఉప్పు వాడాలో, ఎప్పుడు వల వేయాలో, పీపా మీద ఏ ముద్ర వేయాలో రేవు పట్టణాల ప్రతినిధుల మండలి ఒకటి కట్టుదిట్టంగా నిర్ణయించేది. బాల్టిక్ తీరపు వర్తకులు ఆ ముద్రను నమ్మి కొనేవారు. ఆ డబ్బుతో ధాన్యమూ కలపా హాలండుకు వచ్చేవి.

ఇదంతా ఇంగ్లీషువారి కళ్లెదుటే జరిగేది. చేపల వాడకం పెరిగితే జాలర్లూ, వారితోపాటు నౌకాదళానికి నావికులూ పెరుగుతారని ఎలిజబెత్ రాణి ప్రభుత్వం 1563లో, అప్పటికే మాంసం మానే రోజులకు తోడు బుధవారం కూడా మాంసం మానాలని చట్టం చేసింది. యార్మత్ ప్రాంతపు జాలరి టోబియాస్ జెంటిల్‌మన్ 1614లో అచ్చువేసిన పుస్తకంలో, డచ్చివారిలాగే మనమూ ఓడలు కట్టుకుందామని వాదించాడు. నాకు తెలిసినంతలో ఆ కాలపు సలహాలన్నిటిలోకీ ఇదే తెలివైనది. పాలకులు మాత్రం ఎక్కువగా చట్టాన్నీ ఫిరంగినీ నమ్ముకున్నారు.

విదేశీయులెవరైనా తన తీరాల్లో చేపలు పట్టాలంటే అనుమతిపత్రం తీసుకోవాలని 1609లో జేమ్స్ రాజు ప్రకటించాడు. సరిగ్గా అదే సంవత్సరం డచ్చి న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ సముద్రం అందరిదీ అని వాదించే గ్రంథం వెలువరించాడు. అతడు రాసింది పోర్చుగీసువారిని దృష్టిలో పెట్టుకుని, డచ్చి తూర్పిండియా కంపెనీ వ్యాపారం కోసమే అయినా, అది తమకూ తగులుతుందని బ్రిటన్‌లో వెంటనే గ్రహించారు. ఇందులో తమాషా ఏమిటంటే, మసాలా దీవుల్లోకి ఇంగ్లీషువారిని అదే డచ్చివారు రానిచ్చేవారు కారు. 1613లో లండన్ చర్చలకు గ్రోషియస్ స్వయంగా వచ్చినప్పుడు ఇంగ్లీషువారు అతని వాదాన్నే అతనికి అప్పజెప్పారు. మచిలీపట్నంలో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం పేర్లు మిగిల్చి వెళ్లింది ఈ డచ్చి, ఇంగ్లీషు తూర్పిండియా కంపెనీలే. సముద్రానికీ యజమాని ఉండవచ్చునన్న జాన్ సెల్డెన్ గ్రంథం 1635లో, చార్లెస్ రాజు ప్రోద్బలంతో వెలువడింది.

మరుసటి ఏడు నార్తంబర్లండ్ ప్రభువు యుద్ధనౌకలతో వెళ్లి డచ్చి జాలర్లకు బలవంతంగా అనుమతిపత్రాలు అంటగట్టాడు. 1652లో, రెండు దేశాల మధ్య యుద్ధం మొదలయ్యాక, ఇంగ్లీషు నౌకాదళాధిపతి రాబర్ట్ బ్లేక్ షెట్లండ్ సమీపంలో డచ్చి హెర్రింగ్ ఓడల దండు మీద పడి, కావలి ఓడలను పట్టుకుని, జాలర్లలో చాలామందిని మాత్రం ఇళ్లకు పోనిచ్చాడు. ఆ దయ స్వదేశంలో అందరికీ నచ్చలేదు. అసలైన దెబ్బలు తర్వాత తగిలాయి. 1703లో ఫ్రెంచివారు షెట్లండ్ వద్ద డచ్చి చేపల ఓడలను తగులబెట్టారు. ఇంగ్లండుతో 1780–84లో జరిగిన యుద్ధం డచ్చి చేపల వ్యాపారాన్ని మరింత కుంగదీసింది.

ఆ ఖాళీలోకి వచ్చినవారు స్కాట్లండు జాలర్లు. పందొమ్మిదో శతాబ్దపు ఆరంభంలో వారి మీద ఏర్పడిన ప్రభుత్వ మండలి చేపను ఎంతలోగా శుభ్రం చేసి ఉప్పువేయాలో నిర్ణయించి, అధికారులు పరీక్షించిన పీపాల మీద కిరీటం ముద్ర వేయించింది. ఆ ముద్ర పీపాలే తర్వాత బాల్టిక్ తీరంలోని డాంజిగ్, స్టెట్టిన్ రేవుల్లో పెద్దఎత్తున దిగాయి.