ఫైర్‌మన్ అవ్వాలంటే ముందు వెనక గ్రౌండు చూడండి

సెలవుకి ఒడిశాలో మా పర్లాకిమిడి వస్తే చాలు, ఎవడో ఒక కుర్రాడు ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా పాంప్లెట్ పట్టుకొచ్చి "అన్నియ్యా, ఇది చేస్తే ఖతర్‌లో తీసుకుంటారా?" అంటాడు. అక్కడ గ్యాస్ ప్లాంటులో ఫైర్‌మన్‌ని కదా, నన్నే అడుగుతారు.

ఫీజు కట్టేముందు ఆ ఇన్‌స్టిట్యూట్ వెనక గ్రౌండు చూడమంటాను. హోస్ పైపులు ఎప్పుడైనా తడిశాయా? బీఏ సెట్లు, అంటే పొగలో ఊపిరి కోసం వీపున కట్టుకునే గాలి సిలిండరూ మాస్కూ, పిల్లల వీపెక్కుతున్నాయా, బీరువాలోనే ఉన్నాయా? నాగపూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో సీటొస్తే వేరే మాట. గోడమీద చార్టులు చూపించి ఇచ్చే కాగితంతో సేఫ్టీ హెల్పర్ పని దొరికితే గొప్ప.

మా ప్లాంటులాంటి చోట అడిగేవి అమెరికాలో అగ్నిరక్షణ ప్రమాణాలు రాసే సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ళ 1001 నంబరు ప్రమాణం ప్రకారం ఫైర్‌ఫైటర్-1, 2 సర్టిఫికెట్లు. ఆ ప్రమాణం ఇప్పుడు 1010లో కలిసింది గానీ అందరి నోటా పాత నంబరే. రాతపరీక్షలో మనవాళ్ళు బోల్తాపడే చోటొకటుంది. మన పుస్తకాల్లో క్లాస్-సి అంటే గ్యాస్ మంట. అమెరికా లెక్కలో గ్యాస్ క్లాస్-బిలోకి పోతుంది, సి అంటే కరెంటు పారుతున్న సామాను.

అసలు వడపోత బీఏ సెట్టు దగ్గర. సిలిండర్లో 300 బార్ల ప్రెషర్‌తో గాలి, పేరుకి అరగంట. కంగారుపడేవాడు గబగబా పీల్చి ముందే ఖాళీ చేసేస్తాడు. గాలి 55 బార్ల దరిదాపులకి దిగితే సెట్టుకున్న విజిల్ కూస్తుంది. అది కూశాక బయల్దేరడం కాదు, కూసేసరికే బయట ఉండాలి. ట్రైనింగులో మాస్కు అద్దానికి నల్లగుడ్డ కట్టి, హోస్ పట్టుకుని పాక్కుంటూ రమ్మంటారు. హోస్ ముక్కలు కలిసే కప్లింగ్ తడిమి ఫైరింజను బండి ఏవైపో, నీళ్ళు చిమ్మే నాజిల్ ఏవైపో చేతివేళ్ళకే తెలియాలి. జిమ్ములో కండలు పెంచినవాళ్ళు కొందరు ఇక్కడే మాస్కు పీకేస్తారు.

లోపలున్నప్పుడు గేజి చూసి ప్రెషర్ ఎంతుందో రేడియోలో ఇంగ్లిషులో చెప్పాలి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడిన మన పిల్లలకి మూడో భాష పెద్ద బరువేం కాదు, సిగ్గు పడకపోతే. ఒడియా చదవడం, రాయడం బాగా వస్తే ఒడిశా ఫైర్ సర్వీసుకీ ప్రయత్నించండి. గల్ఫు ఒక్కటే దారా ఏటి?

వెళ్ళేదే ఖాయమైతే కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైటులో ఏజెంటు లైసెన్సు నంబరు కొట్టి చూడండి. లైసెన్సున్నవాడైనా సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఇచ్చిన ప్రతి పైసాకీ రసీదు అడగండి.