ఐయూడీకి బిల్లు ఎందుకొచ్చింది?

అమెరికాలో ఉద్యోగం తరఫున ఇన్సూరెన్సు ఉన్న ఆడవాళ్లకి గర్భనిరోధకం ఊరికే రావాలి. 2010 నాటి అఫోర్డబుల్ కేర్ యాక్ట్ కింద వచ్చిన ఈ నిబంధన 2012 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. నెట్‌వర్క్ (ఇన్సూరెన్సుతో ఒప్పందమున్న) డాక్టరైతే కోపే (ప్రతిసారీ మీరు కట్టే వాటా) లేదు, డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు ఇవ్వడం మొదలుపెట్టేముందు మీరు కట్టాల్సిన మొత్తం) లేదు. అయినా బిల్లొస్తుంది. చాలావరకు అది క్లినిక్ కోడింగ్ (ఏ సేవ, ఎందుకు చేశారో బిల్లులో కోడ్‌లుగా రాయడం) పుణ్యమే.

ఐయూడీ (గర్భాశయంలో పెట్టే గర్భనిరోధక పరికరం) కోసం క్లినిక్ ఇన్సూరెన్సుకి పంపే క్లెయిములో మూడు కోడ్‌లు చూడండి. పెట్టినందుకు 58300. పరికరం మిరేనా అయితే జె7298, పారాగార్డ్ అయితే జె7300. ఎందుకు పెట్టారో చెప్పేది జెడ్30.430. ఈ చివరిదాని బదులు అధిక రక్తస్రావం కోడ్ పడిందా, ఇన్సూరెన్సు వాళ్ల లెక్కలో అది నివారణ కాదు, చికిత్స. వెంటనే డిడక్టిబుల్ మీదకి పోతుంది. ముందు చేసే ప్రెగ్నెన్సీ టెస్టుకి (81025) విడిగా వసూలు చేయడమూ కుదరదు. అది కూడా ఆ సేవలో భాగమేనని 2022లో ప్రభుత్వమే స్పష్టం చేసింది.

అందుకే ఈఓబీ (ఇన్సూరెన్సు ఎంత ఇచ్చిందో, మీ వాటా ఎంతో చెప్పే పత్రం) రాకముందు క్లినిక్‌కి డబ్బు కట్టకండి. కోడ్ తప్పైతే బిల్లింగ్ వాళ్లని 'కరెక్టెడ్ క్లెయిం' పంపమనండి. కాదంటే ఇన్సూరెన్సు కంపెనీకి అప్పీలు చేసుకోడానికి 180 రోజుల గడువుంది.

మాత్రల గొడవ వేరు. జెనరిక్ (బ్రాండ్ పేరు లేని అదే మందు) ఉండగా బ్రాండ్ అడిగితే ప్లాను డబ్బు అడగొచ్చు. మీకు ఆ బ్రాండే కావాలని డాక్టర్ రాసిస్తే మాత్రం అడగకూడదు. దీనికి పెట్టే ఎక్సెప్షన్ (మినహాయింపు) ఫారం ఎక్కడుందో ఫోన్లో ఇన్సూరెన్సు వాళ్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

మినహాయింపులూ ఉన్నాయి. 2014లో హాబీ లాబీ అనే దుకాణాల కంపెనీ కేసు తీర్పుతో మతపరమైన అభ్యంతరమున్న కొందరు యజమానులకి ఈ నిబంధన నుంచి తప్పుకునే దారి దొరికింది, దాన్ని ఇంకా వెడల్పు చేసిన ప్రభుత్వ నిబంధనల్ని 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. మగవాళ్ల వేసెక్టమీ ఫెడరల్ నిబంధనలో లేదు. కొన్ని రాష్ట్రాల చట్టాల్లో ఉంది గానీ, కంపెనీ సెల్ఫ్ ఫండెడ్ (క్లెయిముల డబ్బు కంపెనీయే భరించే) ప్లాను నడిపితే ఆ రాష్ట్ర చట్టం దానికి వర్తించదు. ఇన్సూరెన్సు కార్డు చూసి ఈ సంగతి చాలాసార్లు తెలియదు, హెచ్ఆర్‌నే అడగాలి. ఎఫ్-1 విద్యార్థులు చౌకగా కొనుక్కునే ట్రావెల్ పాలసీలకైతే ఈ నిబంధనే లేదు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకి ఇంకొక మాట. భర్త ప్లాను కాబట్టి ఈఓబీ మామూలుగా ఆయన పేరుమీదే వస్తుంది. అది ఆయన చేతికి వెళితే మీకు ప్రమాదమని రాసిచ్చి, వేరే అడ్రసుకి పంపమంటే ప్లాను ఒప్పుకోవాల్సిందే. ఆ ఉత్తరం అపాయింట్‌మెంటు కంటే ముందే చేరాలి.