పట్టపగటి అర్ధరాత్రి

కావలి, శనివారం రాత్రి.

వాయుగుండం పుణ్యమా అని ఈరోజు బడికి సెలవు ఇచ్చారు. తెల్లవారుజామున పట్టిన వాన మధ్యాహ్నం దాటినా తెరిపి ఇవ్వలేదు. దిద్దవలసిన పరీక్ష కాగితాల కట్టను బల్లమీద పెట్టుకొని కూర్చున్నానే గాని దాని ముడి విప్పలేదు. వరండాలోకి జల్లు కొడుతోందని అమ్మ వేరుశెనగకాయల చాటతో హాలులోకి వచ్చింది. ఆమెకు కాలక్షేపంగా ఉంటుందని యూట్యూబులో పాత సినిమా కోసం వెతుకుతుంటే, చిన్నతనంలో మా ఊరి టూరింగ్ టాకీసులో ఇసుకను కుప్పగా పోసుకొని, దానిమీద కూర్చొని చూసిన ఒక సాహస చిత్రం కనిపించింది. దాని పేరు ఇక్కడ రాయను. తీసినవాళ్ల పిల్లలో మనవళ్లో ఎక్కడో ఉంటారు. వాళ్లను నొప్పించడం నా ఉద్దేశం కాదు.

ఇటువంటి చిత్రాలు ఒంటరిగా పుట్టలేదు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి తెలుగు తెరమీద గుర్రాలనూ తుపాకులనూ నిధివేటనూ పరుగెత్తించిన దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ మా నెల్లూరు జిల్లావాడే. ఆ చిత్రబృందం ఎడారి కోసం రాజస్థాన్ దాకా వెళ్లింది. ఆ విజయాన్ని చూసి వెనకాల బయలుదేరినవాళ్లందరి దగ్గరా రాజస్థాన్ వెళ్లివచ్చేంత డబ్బు ఉండదు కదా. ఈరోజు మేము చూసినది ఆ గుంపులో చిట్టచివర, రొప్పుతూ వచ్చిన చిత్రం.

కథ ఊహించుకోదగినదే. ఆఫ్రికా అడవిలో ఒక గుహ, గుహలో ఒక దేవత, దేవత నుదుట ఒక వజ్రం, దానికోసం ఇద్దరు మంచివాళ్లు, నలుగురు దుర్మార్గులు, ఏ పనిమీద వచ్చిందో చివరిదాకా అంతుబట్టని ఒక నాట్యకత్తె. ఇది ఆఫ్రికా అని తెర వెనుక గొంతు గంభీరంగా ప్రకటించిన మరుక్షణమే హొగెనకల్ జలపాతం దూకింది. దాని దిగువన కావేరిలో ఒక పుట్టి గిర్రున తిరుగుతోంది. పుట్టిలోని మనిషికి ఈ సినిమాతో ఏ సంబంధమూ లేదని చూడగానే తెలుస్తుంది. అతడు తెడ్డు ఆపి, ఎండకు చేయి అడ్డం పెట్టుకొని, ‘ఎవరు వీళ్లు, ఏం చేస్తున్నారు’ అన్నట్టు కెమెరా వంక తేరిపార చూసి, మళ్లీ తన దారిన తాను పోయాడు. నేను వెనక్కి తిప్పి ఆ మూడు క్షణాలను నాలుగుసార్లు చూశాను. కథానాయకుడి ముఖం ఇప్పుడు సరిగా గుర్తు రావడం లేదు గాని ఆ పుట్టివాడి ముఖం కళ్లముందే ఉంది.

భౌతికశాస్త్రం చెప్పుకొని బతికేవాణ్ణి కాబట్టి నా కన్ను ముందుగా నీడలమీదికే పోతుంది. అడవిలో నిజంగా రాత్రిపూట తీయాలంటే జనరేటరు కావాలి, దాన్ని మోసుకొచ్చే లారీ కావాలి, లైట్‌బాయ్‌లు కావాలి, వాళ్ల బేటాలు, అంటే రోజువారీ భత్యాలు, చెల్లించాలి. అందుకని కెమెరాలోకి వెలుగును తగ్గించి, నీలి ఫిల్టరు తగిలించి, పగలే తీసి రాత్రి అనిపించడం ఒక పద్ధతి. పెద్ద పెద్ద చిత్రాలలోనూ ఆ పని చేశారు. నేర్పుగా చేస్తే ఎవరికీ తెలియదు. ఇక్కడ అర్ధరాత్రి అన్నచోట కథానాయకుడి నీడ సరిగ్గా అతడి పాదాల కిందనే ముడుచుకొని ఉంది కనుక, ఆ సన్నివేశాన్ని పన్నెండు గంటలకు కాస్త అటూ ఇటూగా తీసి ఉంటారని నేను ధైర్యంగా చెప్పగలను. అతడేమో నుదుటి చెమట తుడుచుకుంటూ, “అబ్బ, ఎంత చలి!” అన్నాడు. అమ్మ, నేను ఒకేసారి నవ్వాము.

గుర్రాల వేట దగ్గర మరొక తమాషా జరిగింది. సెకనుకు 24 ఫ్రేములు తీయవలసినచోట 16 తీసి, మామూలు వేగంతో వేసి చూపితే తెరమీద అన్నీ ఒకటిన్నర రెట్లు వేగంగా కదులుతాయి. ముసలి గుర్రాలు కూడా అలాగే దూసుకుపోతున్నట్టు కనిపించాయి. కాని ఆ వేగం గుర్రాలకు మాత్రమే అంటదు కదా. దూరాన చెరువుగట్టుమీద తన మానాన తాను పోతున్న ఎద్దులబండి కూడా చచ్చేంత పనిబడినట్టు పరుగందుకుంది. బండిలో గడ్డిమోపుమీద కూర్చున్న మనిషి తల బొమ్మ తలలా టకటకమని ఊగింది.

తిరిగి తీయవచ్చు కదా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు నడిచేది పదకొండు నిమిషాలే, ఒకసారి వెలుగు తగిలిన ముక్క మళ్లీ పనికిరాదు. ముడి ఫిల్ము కొనడానికే అప్పుచేసిన నిర్మాతకు రెండో టేకు అంటే గుండె గుభేలుమంటుంది. ఒకచోట కొమ్మ తగిలి నాయకుడి టోపీ ఎగిరిపోయింది. అతడు దాన్ని గాలిలోనే పట్టుకొని, నెత్తిన పెట్టుకొని, డైలాగు తప్పకుండా చెప్పుకుంటూ పోయాడు. పక్కనున్న మిత్రపాత్రధారి నవ్వు ఆపుకోలేక చెట్టువైపు తిరిగిపోయాడు. అతడి భుజాలు కదులుతున్నాయి. ఆ ముక్కను కత్తిరించకుండా ఉంచేశారు.

అప్పుడు అనిపించింది, నేను సినిమా చూస్తున్నానా, లేక సినిమా తీసిన రోజును చూస్తున్నానా అని. చక్కగా తీసిన చిత్రంలో ఆ రోజు మిగలదు. ఎండనూ చెమటనూ దారినపోయేవాళ్లనూ తుడిచివేయడమే పనితనం. ఇక్కడ తుడవడానికి డబ్బు చాలలేదు కాబట్టి దాదాపు యాభై ఏళ్ల కిందటి ఒక మిట్టమధ్యాహ్నం, ఒక ఎద్దులబండి, ఒక పుట్టి, ఒక మనిషి ఆపుకున్న నవ్వు అట్టే ఉండిపోయాయి.

పేదరికం ఒక్కటే ఈ ఆకర్షణ తెచ్చిపెడుతుందని నేను అనను. జానపద బ్రహ్మ అనిపించుకున్న బి. విఠలాచార్య (1920–1999) పొదుపుకు పెట్టింది పేరు. నటుడు పేచీ పెడితే అతడి పాత్రను శాపంతో చిలుకగా మార్చి కథ నడిపేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే ఆయన గారడీ చేస్తున్నానని తెలిసి చేసిన గారడీవాడు. మనం చప్పట్లు కొట్టేది ఆయన నేర్పుకు. ఈ చిత్రం తీసినవాళ్లు గారడీ బయటపడిందని ఎరగరు. భుజం ఆనించగానే అట్టబండ ఊగుతున్నా, మూడువందల ఏళ్లుగా మనిషి అడుగుపెట్టని గుహలో వరుసగా కాగడాలు వెలుగుతున్నా, నటుల ముఖాలలో వెటకారం లేశమైనా లేదు. ఈమధ్య కావాలని చెత్తగా తీసి, ‘చూశారా ఎంత చెత్తగా తీశామో’ అని కన్నుగీటే వీడియోలు వస్తున్నాయి. వాటిని ఐదు నిమిషాలు కూడా భరించలేను.

అన్నిటినీ ముచ్చటపడి చూశానని కూడా రాయలేను. ఒళ్లంతా మసి పూసుకొని, అర్థంలేని కూతలు కూస్తూ ఈటెలు ఊపే ఆటవికులను చూసినప్పుడు నా తరగతిలోని యానాది పిల్లలు గుర్తొచ్చి చిన్నబోయాను. పులి విషయమూ అంతే. గొలుసు కనపడకుండా గడ్డి కప్పారు గాని అది నిలబడిన తీరే చెబుతోంది. అమ్మ వొలవడం ఆపి, “ఆ పులికి కూడెట్టినట్టు లేదురా అబ్బయ్యా, తూలిపోతా ఉంది” అంది. పులులను, సింహాలను, ఎలుగులను, చిరుతలను, కోతులను ఆడించి ప్రదర్శించడాన్ని కేంద్రం 1998లో నిషేధించిందని చెబితే, “మంచి పని చేశారు” అని మళ్లీ చాట ముందుకు లాక్కుంది.

కోట ముట్టడి ఒక పాటలో పూర్తయింది. శ్రీకృష్ణదేవరాయలంతటివాడికి మా ఉదయగిరి దుర్గం 1514లో చిక్కడానికి ఏడాదిన్నర పట్టింది. డిగ్రీ చదివే రోజుల్లో ఆ కొండ ఎక్కినప్పుడు మేము చేసిన సాహసమంతా దాహంతో నాలుక పిడచకట్టుకుపోవడం, ముళ్లకంపకు చొక్కాలు చింపుకోవడం. ఇక్కడి నాయకుడి చొక్కాకు మాత్రం చివరిదాకా ఇస్త్రీ మడత చెదరలేదు.

ఐదు గంటలప్పుడు అడవిరాణి ప్రవేశించింది. ఐదువందల ఏళ్లుగా నిధికి కాపలా కాస్తున్నదట, వెండ్రుక అయినా నెరవలేదు. ఆమె శూలం ఎత్తగానే కెమెరా దగ్గరికి వచ్చింది. చేతికి కట్టిన నెమలీకల దండ కొంచెం కిందికి జారి, భుజానికి దిగువన పావలా కాసంత గుండ్రని మచ్చలు రెండు పక్కపక్కనే స్పష్టంగా బయటపడ్డాయి. మశూచి టీకా మచ్చలు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. అంతకుముందు పుట్టినవాళ్లలో చాలామంది చేతిమీద ఆ ముద్ర ఉంటుంది.

అమ్మ చాట పక్కన పెట్టి, జాకెట్టు చేయి పైకి లాగి, టీవీ దగ్గరికంటా వెళ్లి తన మచ్చలను రాణిగారి మచ్చలతో పోల్చి చూసుకుంది.

“ఇదుగో, నాకూ ఇట్టాంటియ్యే రెండు. మా బడికొచ్చి ఏసినాయనే ఆమెక్కూడా ఏసుంటాడు. ఎంత ఏడ్చిందో పాపం” అంది.

ఆ తరువాత ఆమె సినిమాను రాణి పక్షానే చూసింది. దుర్మార్గులు గుహలోకి దిగినప్పుడల్లా ఆమెను పేరు పెట్టి పిలవలేక “ఎనకాల, అమ్మే, ఎనకాల!” అని హెచ్చరించింది. ఇంకా పన్నెండు నిమిషాలు ఉందనగా కరెంటు పోయింది. వజ్రం చివరికి ఎవరికి దక్కుతుందో చెప్పమని అడిగింది. చిన్నప్పుడు చూసినవాణ్ణే అయినా నాకు ఎంతకీ గుర్తు రాలేదు. బహుశా ఆ రాత్రి ఇసుకలోనే నిద్రపోయి ఉంటాను.

తొమ్మిదిన్నరకు కరెంటు వచ్చేసరికి అమ్మ పడుకుంది. పరీక్ష కాగితాలలో పదకొండు దిద్దాను. మిగిలిన సినిమాను ఒక్కణ్ణే చూడకుండా ఆపి ఉంచాను.